శుక్రవారం రమ్మన్నారు

మా చిన్నమ్మ గురవమ్మ
మార్కాపురంలో ఇరవైరెండేళ్లు
పలకలకి అంచులు కోసింది.
ఆమె ఊపిరితిత్తిలోంచి ఇప్పుడు
నూకగింజంత ముక్క కోసి
సీసాలో ఒంగోలు పంపారు.
శుక్రవారం రండన్నాడు ల్యాబ్ అబ్బాయి,
తలెత్తకుండా.

ఇవాళ మంగళవారమే.
పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.
ఫోను మోగితే, గ్యాసు బండ వాళ్లు.
"నీళ్లు పొయ్యవే, సరిపోద్ది" అని
తను మాత్రం గేదెకి చిట్టు కలుపుతోంది.

పిల్లాడి పలక మీద
శుక్రవారం అని రాశాను, ఎందుకో.
తడిగుడ్డతో తుడిచాను.
ఆరాక మళ్లీ కనపడింది.

రాత్రి గోడకి ఇవతల
దగ్గులు లెక్కపెడుతున్నాను.
పదకొండు. నిన్న పద్నాలుగు.
తగ్గినట్టా? లేక
మధ్యలో నేనే నిద్రపోయానా?

పన్నెండోది రాలేదు.
రాకపోయేసరికి భయమేసి
"చిన్నమ్మా" అన్నాను.

"లెక్క తప్పావా?
పండుకో" అంది.