ఓడ మిరియం

ఐదున్నరకి రొయ్యల కంపెనీ బస్సు
మస్తానమ్మని ఎక్కించుకుని పోయాక
ముత్తుకూరులో ఈ వంటిల్లు నాది.
ఊగదు. అదొక్కటే కొత్త.
అయినా పొయ్యి మీద గిన్నె పెడితే
దాని చెవి పట్టుకునే నిలబడతాను,
ఎప్పుడు ఏ అల వస్తుందో అన్నట్టు.

ఇరవైముగ్గురికి వండిన చేతికి
ఒక్క బోసినోటికి ఎంత వెయ్యాలో తెలీదు.
మొదటిరోజు మొక్కజొన్న నూక గుప్పెడు పోశాను.
అది ఉడికి, ఉబ్బి, మూతని తోసుకుని లేచింది.
వెంగమ్మత్త నవ్వలేదు.
"పిలకాయకి ఉగ్గు కాయమంటే
ఊరికి సంతర్పణ చేస్తివి గదా అబ్బయా" అంది.

ఇప్పుడు రెండు చెంచాలు.
కొబ్బరి కోరి, తొలిపాలు పక్కన పెట్టి,
మలిపాలలో నూక మెత్తగా కరిగేదాకా కలుపుతాను.
బిర్యానీ ఆకు ఒకటి, దాల్చినచెక్క గోరంత.
ఉప్పూ చక్కెరా ఏడాది నిండేదాకా వద్దంది ఆశా కార్యకర్త.
అందుకని మగ్గిన అమృతపాణి
వేళ్ళతో చిదిపి వేస్తాను.

ఇది ట్రినిడాడ్ రేవులో నేర్చాను.
ఇంజను చెడి పదకొండు రోజులు ఆగాం.
గేటు బయట రేకుల పందిరి కింద
ఒక ముసలామె పొద్దున్నే జావ అమ్మేది,
ఒళ్ళో మనవడు, చేతిలో గరిటె.
మొహం అచ్చం మా మైపాడు మొహం.
మీ పెద్దలది ఏ ఊరు అని అడిగాను.
ఓడెక్కారంట. ఊరు తెలీదంట.
ఒక్క తెలుగు ముక్కయినా రాలుతుందేమోనని
పదకొండు పొద్దులూ అక్కడే తాగాను.
రాల్లేదు.
పిల్లాడికి పెట్టేముందు మాత్రం
చెంచా తన పెదవికి ఆనించి వేడి చూసేది,
మూడుసార్లు ఊదేది.
మూడోది ఊరికే, వాడి బుగ్గ మీద.

పోయేరోజు కాగితం పొట్లంలో
గుప్పెడు గింజలిచ్చింది.
మేజోడులో దాచి తెచ్చాను.

"ఏందియ్యి, మిరియాలా?" అంది వెంగమ్మత్త.
కాదు.
"లవంగమా?"
కాదు. లవంగం, దాల్చిన, జాజికాయ,
మూడూ ఒక్క గింజలో వాసనొస్తాయి.
"ఏదీ కాకుండా అన్నీ ఎట్టా అయితది?"
ఒకటి బుగ్గన పెట్టుకుని
వక్కలా సాయంత్రందాకా నానబెట్టింది.
"ఓడ మిరియం" అని పేరు కూడా తనే పెట్టింది.
"బాగుండాది. పిలకాయకి మాత్రం వద్దు.
నాకు రెండు ఇచ్చిపో."

అయితే జాజికాయ కొంటానన్నాను.
జాజికాయ పేరెత్తగానే లేచింది ఆవిడ.
ట్రంకుపెట్టె అడుగున, ఉగ్గుగిన్నెలో,
పాత రవికగుడ్డ ముక్కలో కట్టి ఉంది ఒకటి,
ఒక పక్క అరిగి బల్లపరుపుగా.
"నీ పెళ్ళాన్ని పెంచిన కాయ ఇది.
నువ్వు నాకు నేర్పొద్దు."
సానమీద రెండే చుట్లు తిప్పింది.
మూడైతే మధ్యాన్నందాకా లేవదంట.
వేలికొన జావలో ముంచి, విదిలించింది.

బుడ్డది మొదటి చెంచాకి
నుదురంతా ముడేసింది.
నాలిక్కొనతో మొత్తం బయటికి నెట్టింది.
గడ్డం మీదది తీసి మళ్ళీ పెట్టాను.
ఈసారి ఆగింది. ఆలోచించింది.
చెంచా నా చేతిలోంచి లాక్కుని
తిరగేసి, కాడ చప్పరించింది.
ఎట్టుందో చెప్పే మాట ఇంకా దానికి రాలేదు.
నాకూ రాలేదు ఆ పందిరి కింద.

చీకటి పడ్డాక మస్తానమ్మ వచ్చింది.
ఐసులో నానిన వేళ్ళు, కండెలా ముడతలు.
నిమ్మకాయతో ఎంత రుద్దినా పోని రొయ్యల వాసన.
అందుకే బిడ్డని చేత్తో తాకకుండా
వంగి, నోటి దగ్గర ముక్కు పెట్టింది.
"ఏం పెట్టావు ఇయ్యాల?"
చెప్పుకో అన్నాను.
కళ్ళు మూసుకుంది. ఇంకోసారి పీల్చింది.
"మా అమ్మ వాసన" అంది.

వంటింట్లో వెంగమ్మత్త
బుగ్గన గింజ అటునించి ఇటు మార్చింది.
అవును అన్నాను నేను.
ట్రినిడాడ్ సంగతి రేపు చెప్పొచ్చు.