ఇనుపకోల

మార్చి మొదటి వారం. పెయిప్సీ సరస్సు మీద
మంచు ఇంకా తెల్లగానే ఉంది.
తెలుపంటే నాకు నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది.
నల్లగా నిగనిగలాడేదే గట్టిది,
పాలలా కనిపించేది గుల్ల.
మా ఊళ్ళో ఉల్లినారు నాటే పిల్లల్నడిగినా చెబుతారు.

ముందు నేను. నా నడుముకి తాడు.
ఇరవై అడుగుల వెనక, తాడు రెండో కొసన, సవ్వాతి.
మా అమ్మ కడుపున నా తర్వాత పుట్టినవాడు.
మూడేళ్ళ కిందట నా పడవ మోటారు అమ్ముకు తాగినవాడు.
మోటారు పోతే పోయింది,
చచ్చిపోయిన నా మొగుడు అల్లిన వలలు,
ముడి ముడికీ ఆయన పంటిగాటున్న వలలు,
వాటినీ సారా సీసాలకి తూచి ఇచ్చేశాడు.

మొన్న ఫిబ్రవరిలో వచ్చాడు.
గడప అవతలే నిలబడ్డాడు, టోపీ చేతుల్లో నలుపుతూ.
"తాగడం లేదక్కా. పద్నాలుగు నెలలు."
పద్నాలుగు అన్న అంకె నాకు నచ్చింది.
అబద్ధమైతే ఏడాదిన్నర అనేవాడు.

చేపల చారు పోశాను.
టీ మాత్రం పరాయివాళ్ళ కప్పులో ఇచ్చాను.
మా పాతమతం ఇళ్ళల్లో
బయటివాళ్ళకి వేరే కప్పు, వేరే మేకు.
వాడు కప్పుని చూశాడు. నన్ను చూడలేదు.
తాగి, కడిగి, అదే మేకుకి తగిలించాడు.

పక్క వెచ్చగా పొయ్యి అరుగు మీద వేశాను,
కొట్టు తాళంచెవి నా దిండు కింద పెట్టుకున్నాను.
ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.
వాడెందుకో నాకు తెలీదు.
నేనెందుకో వాడికి తెలుసు.

పొద్దున్నే వలలు లెక్కపెట్టాను, వాడు చూస్తుండగానే.
తొమ్మిది.
సిగ్గేసింది, నాకా వాడికా అంటే చెప్పలేను.
"రోజూ లెక్కపెట్టక్కా," అన్నాడు,
"తొమ్మిది అని వినడం నాకూ అలవాటవ్వాలి."

పక్కింటి ఉలియానియా దెప్పుతుంది:
పాము కరిచినవాళ్ళు తాడుని చూసినా జడుస్తారే ఎవ్లాంపియా,
నువ్వేంటి నడుముకే చుట్టుకున్నావు?
ఏం చెప్పను.
పామో తాడో తేలాలంటే
ఎవరో ఒకరు పట్టుకు చూడాలి కదా.
చేతికి తొడుగేసుకునే, అనుకో.

అడుగుకో పోటు.
ఇనుపకోల ఠంగుమంటేనే కాలు.
నిన్న గుర్రబ్బండిని మోసిన మంచే ఇది,
అయినా నిన్నటి సాక్ష్యం ఇవాళ చెల్లదు.
అలాగని ఒడ్డునే కూచుంటే
ఉట్టి ఉల్లిపాయలే తినాలి, ఎండాకాలం దాకా.

నడిమధ్యన సరస్సు మూలిగింది,
అడుగునెక్కడో ఎవరో బరువైన తలుపు తీసినట్టు.
"ఎడమకి!" వెనకనించి అరుపు.
తాడు బిగిసింది.
ఒక్క క్షణం, మూడేళ్ళంత పొడుగు క్షణం,
ఆ గొంతులో పాత సవ్వాతిని వెతికాను.
ఎడమకే తిరిగాను.
తిరిగి, కోలతో పొడిచి చూసి, అప్పుడు అడుగేశాను.
వాడి మాటా విన్నాను, ఇనుము మాటా విన్నాను.
రెండూ ఒకటే చెప్పాయి,
ఆ పూటకి.

ఇరవై ఏడు పెర్చ్ చేపలు. చిన్నవే.
ఇంటికొచ్చి, నీళ్ళోడుతున్న బూట్లతోనే
వాడు మేకు దగ్గరికెళ్ళి ఆ కప్పే తీశాడు.
"అది బీటేసిందిరా," అన్నాను, "ఇది తీసుకో."
బీటేం లేదు దానికి. వాడికీ తెలుసు.

వంగి టీ పోస్తుంటే
జేబులోని కొట్టు తాళంచెవి
బల్లంచుకి తగిలి ఠంగుమంది.
ఇద్దరం విన్నాం.
వాడు చక్కెర అందుకున్నాడు.