అనుభవదారు

అడంగల్‌లో ఒక గడి ఉంటుంది
యజమాని పేరు పక్కనే, ఇరుగ్గా.
"అనుభవదారు" అని దాని తలమీద రాసి ఉంటుంది.
ఆ మాట ఎవరు పెట్టారో గాని
రెవెన్యూ కాగితాల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే.

ఆగస్టు నెల. గుర్ల దాటాక
చంపావతి వైపు ఎకరా ఇరవై సెంట్ల గోగు చేను.
ట్యాబ్ పట్టుకుని గట్టు మీద నేను,
తలెత్తు చేలోంచి బయటికొస్తూ గేదెల సూరీడమ్మ.
పంట నమోదుకి నాలుగు రోజులు గడువు,
సిగ్నల్‌కి ఒక్క గీత.

"వేలు పెట్టమ్మా" అన్నాను.
కుడి బొటనవేలు: సరిపోలలేదు.
ఎడమది: సరిపోలలేదు.
చూపుడు వేళ్ళు చెంగుకి తుడిచి, ఊది,
గడపకి బొట్టు పెట్టినట్టు మళ్ళీ పెట్టింది.
పది వేళ్ళూ అయిపోయాయి.
"ముప్పయ్యేళ్ళు ఊరేసిన గోగు ఒలిసినాను బాబూ,
గీతలన్నీ నార్లో ఎల్లిపోనాయి.
ఆ నార ఏ సంచిలో ఉన్నాదో దాన్నడుగు,
నానెవుర్నో అది సెప్తాది."

ముద్ర కుదిరినా సరిపోదు.
కౌలు కార్డు కావాలి,
కార్డుకి పట్టాదారు సంతకం కావాలి.
చట్టం మంచిదే. నేను చదివాను
(రెండు రోజుల శిక్షణ, మధ్యాహ్నం పులిహోర).
ఒప్పందం పదకొండు నెలలే,
భూమి మీద హక్కు రాదు, పంట మీదే హక్కు
అని నల్లటి అక్షరాల్లో ఉంది.
సిరిపురపు జగ్గారావు గారు
విశాఖ ఎంవీపీ కాలనీలో ఆ అక్షరాలు చదవలేదు.
"మనలో మనకి కాగితాలెందుకయ్యా" అని ఫోన్లో నవ్వారు.
ఆ 'మన'లో ఎవరెవరున్నారో
నేను అడగలేదు.

పదకొండు నెలలు!
ఆవిడ ఏడాదికి అలాంటి నెలలు లేవు.
విత్తనాలకి అప్పు చేసిన నెల,
కలుపు నెల,
కట్టలు నీళ్ళలో మునిగి ఊరంతా కుళ్ళు వాసన కొట్టే నెల,
నార ఆరేసి, రేటు కోసం రోడ్డు వైపు చూసే నెల.
మిగిలినవన్నీ వడ్డీ నెలలు.

నాలుగో రాత్రి, పావు తక్కువ పన్నెండు.
గడి ఖాళీగా ఉంటే ఫారం కదలడం లేదు.
జగ్గారావు గారి పేరే రెండుసార్లు కొట్టాను.
యజమాని: ఆయన.
అనుభవదారు: ఆయన.
పచ్చ టిక్కు వచ్చింది.
ఒకటో తారీఖున నాకు జీతమూ వచ్చింది.

అక్టోబరులో తుపాను
చేనుని ఒక పక్కకి దువ్వి పడుకోబెట్టింది.
నష్టం జాబితా నేనే బోర్డుకి అంటించాను.
జిగురు చాలక ఒక మూల లేచిపోతుంటే
సూరీడమ్మే అరచేత్తో అదిమి పట్టుకుంది.
"నా పేరు ఏ వరసలో ఉన్నాది బాబూ?"
వేలు పెట్టి చూపించాను,
జగ్గారావు గారి పేరు మీద.
"ఇదేనా" అంటూ ఆ అక్షరాల్ని తడిమి చూసుకుంది.

డబ్బు ఆయన ఖాతాలో పడింది.
చెడ్డవారేం కాదు,
ఆ ఏడు శిస్తులో రెండు వేలు తగ్గించారు.
తగ్గించినట్టు కాగితమేమీ లేదు.

ఆనాటి ఫొటో ఇంకా ట్యాబ్‌లో ఉంది.
అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం.
ఫ్రేములో పంట మాత్రమే రావాలి,
కాస్త జరగమన్నాను, జరిగింది.
కాని పొద్దు వాలుతోంది.
గోగు మొక్కల మీద అడ్డంగా, చేతిలో కొడవలితో సహా
ఆవిడ నీడ పడింది.
సర్వర్‌లో ఆ నీడకి సర్వే నంబరు ఉంది.

నిన్న మళ్ళీ వెళ్ళాను, కొత్త మిషన్‌తో.
చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చుని ఉంది.
"నువ్వప్పుడు సూపించిన వరస
మా మనవరాలి సేత సదివించుకున్నాను" అంది.
కోపం లేదు గొంతులో. కొంగుముడి విప్పి
ఆకు వక్క తీసుకుంటూ,
"ఈపాలి నీ ఏలెట్టు బాబూ,
నీకు గీతలున్నాయి గదా."