ఎదురుగా మనిషి

సారు వేసే బంతి బడిగంట లాంటిది,
ఎప్పుడొస్తుందో ముందే తెలుసు.
ఇవాళ నలభై అడుగుల అవతల
పెంచల నిలబడింది.

చీమకుర్తి గ్రౌండంతా రాతిపిండి.
చెప్పుల్లేని పాదం కింద గీత చెరిగింది.
చెయ్యి వెనక నించి గుండ్రంగా తిరిగి
తొడ పక్కన ఒక్క క్షణం మాయమైంది.
బంతేదీ?

ఒకటి పోయింది. రెండు.
మూడోది బ్యాటు అంచుకి తగిలి నా కాలి మీదే పడింది.
"బంతిని కాదమ్మాయ్, ఆ పిల్ల చెయ్యి చూడు!"

చూశా.
పొద్దున పాలిషింగు మిల్లులో నీళ్ల పైపు పట్టిన చెయ్యి,
నాకు లెక్కలు చూపించే చెయ్యి.
వదిలే ముందు బొటనవేలు సన్నగా కదుల్తుంది.

కొట్టా.
క్వారీ గుట్ట దాకా పోయింది.

వెతుక్కొచ్చిన పెంచల నవ్వలేదు.
చొక్కాకి బంతి తుడిచి
ఈసారి
వేలు దాచుకుంది.