కట్టేసిన గుర్రం

బేస్తవారం మధ్యాహ్నం గుంటూరు బండి దించే కట్టలో
మా వారపత్రిక ఒకటి ఉండేది.
మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి సైకిల్ మీద
ఖాశిం పీరా తెచ్చేవాడు, చొక్కా లోపల దాచి.
అట్ట మీద ఎప్పుడూ ఒక చెమట మరక.

పలకల షెడ్డులో రంపాలు ఆగేవి.
బూడిద పట్టిన కనురెప్పలతో ఇరవై మందిమి
గోతాల మీద చతికిలబడేవాళ్ళం.
పీరా గొంతు సవరించుకుంటే
నల్లమలకు అవతల ఇంకో అడవి మొలిచేది.

మొదటి ఏడాది ఎట్లా ఉండేదో ఇప్పుడు చెప్పలేను.
మణికేతుడికి ఒకటే కత్తి, దానికి ఒక పక్కే పదును.
మంత్రగత్తె కరాళికి దగ్గు ఉండేది,
మాకున్నట్టే, దుమ్ము దగ్గు.
ఆమె చీకట్లో దగ్గితే
మేం మా దగ్గు బిగబట్టేవాళ్ళం.

పద్నాలుగో వారం, ఏరు దాటబోతూ
ఒంటికన్ను గుర్రాన్ని తుమ్మచెట్టుకు కట్టేసి
"పొద్దు గూకేలోగా వస్తా" అని
దాని చెవిలో చెప్పాడు మణికేతుడు.

ఏడు వాకిళ్ళ కోట.
ఏడోది తెరిస్తే కథ అయిపోవాలి.
తెరిచాడు. గాలెమ్మ చేతులు జోడించింది.
లోపల ఎనిమిదోది ఉంది.

ఆ తర్వాత
కత్తి మాట్లాడింది, పాడింది, దానికో చెల్లెలు దొరికింది.
చచ్చిన కరాళి మూడుసార్లు లేచింది,
మూడోసారి దగ్గు లేకుండా లేచింది.
నాకు అక్కడే మనసు విరిగింది.
కొడుకు, కొడుక్కో కవల, కవలకో శాపం,
శాపం వెనక కథ నలభై వారాలు.
బొమ్మలేసే ఆయన మారాడేమో, మీసం మారింది.
"రాసేటాయన పోయినాడంట, అల్లుడు రాస్తన్నాడంట"
అన్నాడు టీకొట్టు మాలకొండయ్య.
నిజమో కాదో. పేరు మాత్రం అదే, అవే వంకర అక్షరాల్లో.

రంపాలు ఆగడం మానేశాయి.
పీరా మధ్యలో పేరాలకు పేరాలే దాటేసేవాడు,
మేం కనిపెట్టలేదు.
తప్పంతా కథదేనా అంటే, ఏమో.
ఊళ్ళోకి ప్లాస్టిక్ పలకలొచ్చాయి,
సగం రంపాలు పాత ఇనుము కింద పోయాయి,
మాకూ ఒక పక్కే పదును మిగిలింది.

గాలెమ్మ ఒక్కతే వచ్చి కూచునేది.
అంతా విని, ప్రతి వారం ఒకటే మాట:
"గుర్రాన్ని ఇప్పినాడా?"
"ఈ వారం లేదు పెద్దమ్మా."
"నీళ్ళన్నా పెట్టినారా ఎవురన్నా?"

తొమ్మిదో ఏడు, వాన పడుతున్న బేస్తవారం,
పీరా పుటలోంచి కళ్ళు తీయకుండా చదివాడు:
తాడు నమిలి తెంపుకుంది గుర్రం,
ఏటిలో దిగి కడుపునిండా తాగింది,
అడవి దారి పట్టింది.
పక్కనే ఉన్నాను. ఆ పుటలో గుర్రం లేదు,
రాజుగారి ఉపన్యాసం ఉంది.

"యాడ రాసుండాది, చూపీ" అంది గాలెమ్మ.
పీరా ఆమె వేలు పట్టుకుని
తలనూనె ప్రకటన మీద పెట్టాడు.
చాలాసేపు అక్కడే ఉంచింది.

పై వారం ఆమె రాలేదు. పిలవబోతే,
"అయిపాయ గదా" అంది, బియ్యంలో రాళ్ళేరుతూ.

సీరియల్ ఇంకో పదకొండేళ్ళు నడిచింది.