రాళ్ళు

మిల్లె ఊరు దాటాక ముప్పయ్యో కిలోమీటరు.
మా బండి ఒక్కసారిగా
నడుం విరిగిన ఒంటెలా పక్కకి ఒరిగింది.
కమాను కట్టల నడిమి బోల్టు తెగింది.
వెనక జిబూతీ రేవులో ఎక్కించిన యూరియా, నలభై టన్నులు.
పైన ఎండ. దానికి తూకం లేదు.

ములుగేటా దిగి చూశాడు. తిట్టలేదు.
తిట్టకపోతేనే నాకు భయం.
"రాళ్ళు పెట్టు" అన్నాడు.

ఇక్కడ నేలంతా ఎప్పుడో మండి ఆరిన కుంపటి,
నల్లరాళ్ళకేం కొదవ.
చొక్కా విప్పి చేతులకి చుట్టుకుని
వెనక వంద అడుగుల దాకా పేర్చుకుంటూ పోయాను.
అక్షరం రాని డ్రైవరుకీ ఈ ఉత్తరం చదవడం వచ్చు.

మొదట బస్సు. హారన్ కొట్టి పోయింది.
బస్సులు ఆగవు, వాటి లెక్క వేరు.
తర్వాత కొత్త చైనా లారీ. ఆగింది, అద్దం దించి
ఒక డబ్బా నీళ్ళిచ్చి వెళ్ళింది.
మా ముసలి ఫియట్ బోల్టు దాని దగ్గరెక్కడిది?

మూడోదాన్ని దూరం నుంచే గుర్తుపట్టాను.
కుడి అద్దం ఇనుపతీగతో కట్టి ఉంది.

ఆ అద్దం పగిలింది మావల్లే.
గలాఫీ గేటు ముందు నాలుగు రోజుల వరస,
ఐదో తెల్లవారుజామున అడ్డంగా దూరింది ములుగేటా.
నోరు జారిందీ ములుగేటాయే,
షిబెషి చచ్చిపోయిన తండ్రిని కూడా తగువులోకి లాగాడు.
చీకట్లో పానా విసిరింది మాత్రం నేను.
ఎవరికీ చెప్పలేదు.

ఆ బండి మమ్మల్ని దాటింది.
రెండు స్తంభాల దూరం పోయాక
బ్రేకుల గాలి బుస్సుమంది.
వెనక్కి వస్తోంది,
పగిలిన అద్దంలోంచి మమ్మల్ని ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ.

దిగాడు షిబెషి. పలకరింపు లేదు.
మా వైపు పలకరింపంటే
భుజానికి భుజం తాకించి
పిల్లలెలా ఉన్నారు, ఆవులెలా ఉన్నాయి,
వానలు పడ్డాయా అని పావుగంట.
అదేమీ లేదు.
తిన్నగా బండి కింద దూరాడు.
టైరు ముక్కతో కుట్టిన చెప్పులు మాత్రం బయట మిగిలాయి.

మూడు గంటలు.
ఒకడి చెమట ఇంకొకడి మెడ మీద పడేంత దగ్గర,
ఒక్క మాట లేదు.
చెయ్యి చాపితే సుత్తి, వేలు చూపితే ఉలి.
తన సీటు కింద నుంచి ఓ గుడ్డమూట తెచ్చాడు,
లోపల గ్రీజు పూసిన బోల్టు.
అతనికున్నదీ అదొక్కటే.
అతనికీ ఇంకా అయిదొందల కిలోమీటర్లుంది.

ఒకసారి ఆ చెయ్యి నా వైపు చాచాడు. పంతొమ్మిది నంబరు.
అదే పానా.
ఇచ్చాను.
అరచేతిలో తూచినట్టు ఒకసారి ఎగరేసి,
నా మొహం చూసి,
మళ్ళీ కిందికి వెళ్ళిపోయాడు.

ఇంజెరా ఒకే పళ్ళెంలో తిన్నాం ముగ్గురం,
వేళ్ళు ఒకచోట, కళ్ళు మూడు దిక్కుల.
ములుగేటా రెండుసార్లు నోరు తెరిచాడు,
రెండుసార్లూ నీళ్ళే తాగాడు.

పొద్దు వాలేసరికి బండి నిటారుగా నిలబడింది.
ములుగేటా నోట్లు తీశాడు.
షిబెషి వాటి వైపు చూడలేదు,
డీజిలుతో చేతులు కడిగి ఇసకతో రుద్దుకుని
బండెక్కాడు. మేమూ ఎక్కాం.
ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

అంతలో తలుపు దభీమని తీసుకుని
మళ్ళీ దిగి వస్తున్నాడు.
కొడతాడనుకున్నాను.

"రాళ్ళు!" అని అరిచాడు.
"రాళ్ళెవడు తీస్తాడు, మీ తాతా?
చీకటి పడ్డాక వాటి మీదికి ఎక్కేది ఎవడనుకున్నారు?"

పొద్దుట్నుంచీ అతనన్న మాటలు అవే.

ఒక్కొక్కటీ తీసి పక్కన పారేశాను.
ఇంకా వేడిగానే ఉన్నాయి.
ఆఖరి రాయి దాకా టార్చి పట్టుకుని
నిలబడే ఉన్నాడు.

గలాఫీ వరసలో ఇప్పటికీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు.
అద్దం తీగతోనే ఉంది.
నేను చెప్పాలి.
ఇంకా చెప్పలేదు.