దువ్వెన

ఇల్లు సమంగా నిలిస్తే గానీ
గుడ్డు పెనం మధ్యలో ఆగదు.
కుడి చక్రం కింద రెండు చెక్కలు,
ఎడమ చక్రం కింద ఒకటి. తీసి, మళ్ళీ పెట్టి
బయటినుంచి రాయ్స్ అరుస్తాడు, "ఇప్పుడు?"
బల్ల మీద గ్లాసులో నీళ్ళు చూసి చెబుతాను,
"ఇంకొంచెం."

తొమ్మిది నెలలుగా ఇదే కాపురం.
ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, నలభై గ్యాలన్ల నీళ్ళు,
దుప్పట్లో ఎంత దులిపినా మిగిలే ఇసుక.
కాలికి బలపం కట్టుకోవడం కాదు మాది,
చక్రాలకే కట్టాం.
పోయినంత మేరా గీత.

అరిజోనా ఏప్రిల్‌లో తెల్లారకముందే లేవాలి.
పది దాటితే రాయి ముట్టనివ్వదు.
ఇవాళ టోబిన్‌తో ఇల్లు రాయ్స్ వంతు,
జోలీన్‌తో కొండ నా వంతు.
ఇసుక దారి కదా, టైర్లలో గాలి కొంత వదిలేశాను.
బిగువు తగ్గితేనే పట్టు దొరుకుతుంది.
ఈ ముక్క నా కూతురికి చెబుదామనుకుని
నోరు మూసుకుని
ట్యూబు మూత బిగించాను.

పద్నాలుగేళ్ళ పిల్ల. గురువారం నుంచి మాతో మాటల్లేవు.
పోయిన మజిలీలో దానికో నేస్తం దొరికింది,
ఇమోజెన్, పసుప్పచ్చ హెల్మెట్.
దొరికిన పదకొండో రోజున
మేం జాకులు ఎత్తేశాం.

దారి జానెడు.
సగ్వారో కాండంలో తొర్ర చేసుకున్న వడ్రంగి పిట్ట
తల బయటపెట్టి మమ్మల్ని చూసి
లోపలికి పోయింది.
దానిదీ ఒంటి గదే.
జోలీన్ ముందు, నేను వెనక.
వాగులోకి దిగేటప్పుడు వెనక్కి వాలాలి,
గట్టెక్కేటప్పుడు ముందుకి.
మధ్యలో ఉన్న ఇసుక మాత్రం
ఎవరి మాటా వినదు.

అక్కడే పడింది.
పక్కనే చోయా పొద.
దూరాన్నించి బొచ్చు కుక్కపిల్లలా ముద్దొస్తుంది,
ముట్టుకోకపోయినా ఎగిరొచ్చి అంటుకుంటుందని
ఇక్కడివాళ్ళంటారు.
ముంజేతికి ఒక ముద్ద. పిక్కకి రెండు.
"చేత్తో లాగకు!" నా గొంతు
కొండకి తగిలి నా దగ్గరికే వచ్చింది.

పెట్రోలు బంకు నీడలో శ్రీమతి ఆంటోన్
ఎండబెట్టిన చోయా మొగ్గలు అమ్ముతుంది.
ఈ నేల ఓధమ్ వాళ్ళది, ఆమెది.
ఉడికిస్తే కొంచెం పులుపు, బెండకాయ జిగురు.
సంచీ అందిస్తూ మా సైకిళ్ళ వంక చూసి
"దువ్వెన ఉందా?" అంది.
జుట్టు చెదిరిందేమోనని సర్దుకున్నాను.
ఆమె నవ్వడానికి చాలాసేపు పట్టింది,
ఆపడానికి ఇంకా.

దువ్వెన పళ్ళు
ముళ్ళకీ చర్మానికీ మధ్య దూర్చి
ఒక్క విదిలింపు.
చర్మం గుడారంలా లేచింది, దిగింది,
ముద్ద ఎగిరి నాలుగడుగుల అవతల పడింది.
మూడు సార్లు.
మిగిలిన ముళ్ళు పట్టకారుతో,
ఒకటీ, ఒకటీ, ఒకటీ.

అయిదో తరగతి దాకా జడ నేనే వేశాను.
తర్వాత గది తలుపేసుకుని తనే అల్లుకునేది.
ఇప్పుడు వేసుకోడానికి మాకున్నది
ఒక్క బాత్రూమ్ తలుపు.
రాతి మీద కూర్చుని, పళ్ళు బిగించి,
ఎడమ చెయ్యి నా భుజాన వేసింది.
అది పట్టు కోసమేనని నాకూ తెలుసు.

"అమ్మా" అంది.
చేతిలో పట్టకారు ఆగింది.
"ఇంకోటి ఉంది కదా, తియ్యకు.
ముందు ఫోటో తీసి
ఇమోజెన్‌కి పంపు."

సిగ్నలు లేదు. తీశాను.
రెండు మైళ్ళూ సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం.
దారంతా తనే చెప్పింది:
ఇమోజెన్ కుక్క, ఇమోజెన్ బ్రేకులు,
ఇమోజెన్ వాళ్ళమ్మ ఎంత మంచిదో.

తలుపు దగ్గర టోబిన్
దువ్వెనలో విరిగిన పళ్ళు లెక్కపెట్టి
కుంటలేని పిల్లాడికి తాయిలం దొరికినట్టు
జేబులో వేసుకున్నాడు.

రాత్రి పడుకున్నాక రాయ్స్ అన్నాడు,
ఇల్లు ఎడమకి వాలినట్టుంది, లేచి చూడనా అని.
ఉండనీ అన్నాను.
జోలీన్ పక్క అటే.